ఒడ్డెక్కిన మా పడవ
కరీబియన్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. వాటి మామూలు దారికి ట్రినిడాడ్ దక్షిణాన ఉంటుంది. అందుకే మేం కాపురముంటున్న తెరచాప పడవను అక్కడి చాగ్వరామస్‌లో పడవలు బాగుచేసే యార్డులో ఒడ్డెక్కించాం.

అడుగున నాచు, గుల్లలు గీకేశాం. నా టెన్షనంతా మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగల గురించే. దూది ఉండను తీగ వెంట మెల్లగా జరుపుతాను. ఒక్క పోగు తెగి ఉన్నా దూది అక్కడ చిక్కుకుంటుంది. అలాంటి తీగ మార్చాల్సిందే, ఖర్చు చూసుకోకూడదు.

ప్రొపెల్లర్ దగ్గరి జింకు ముక్క సగం అరిగింది. ఉప్పునీటిలో కంచు ప్రొపెల్లర్‌ను కాపాడుతూ అది కరిగిపోతుంది. దానిమీద పెయింట్ పడితే పనిచేయదు కాబట్టి, పెయింటర్ పక్కనే నిలబడ్డాను. పడవ అడుగున నీటి గొట్టాలకుండే ప్రతి వాల్వు పక్కనా చెక్క బిరడా కట్టాం, వాల్వు విరిగితే ఆ రంధ్రం మూయడానికి.

డిసెంబర్‌లో గ్రెనడా ప్రయాణం. డీజిల్ ఫిల్టర్, ఇంజన్ బెల్టు ఇంకా మార్చాలి.