కోడె మొక్కు తీరాక: వేములవాడ నుంచి తిప్పాపూర్ గోశాలకి

కరీంనగర్ బస్సు తిప్పాపూర్ బస్టాండులో దింపుతుంది. మూలవాగు మీది వంతెన దాటితే రాజన్న గుడి. యాసంగి కోతలు అయిపోవస్తున్న రోజులు, పైగా సోమవారం. ధర్మగుండంలో స్నానం చేసినవాళ్లు తడిబట్టలతోనే టికెట్టు తీసుకుని, కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తున్నారు. చాలామందికి మొక్కు అక్కడితో తీరుతుంది. కొందరు మాత్రం ఇంట్లో పుట్టిన కోడెనే తెచ్చి స్వామికి అప్పజెప్తారు. అవి చేరేది తిప్పాపూర్ గోశాలకి. మేం వచ్చింది ఆ గోశాల కోసం.

పొలంలోకి ట్రాక్టరు వచ్చాక కోడెదూడకి పని పోయింది. రేపు పాలిచ్చే పెయ్య ఇంట్లో ఉంటుంది, కోడె మొక్కుకి వస్తుంది. 2025లో ఇక్కడ కోడెలు వరుసగా చనిపోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. కిక్కిరిసిన కొట్టం, వాన, బురద, ఈ మూడూ కలిస్తే బలహీనమైన దూడ తట్టుకోలేదు. ఎదిగే కోడెకి నీడ కింద 2 చదరపు మీటర్లు, బయట తిరగడానికి 4 నుంచి 5 కావాలి. అంతకన్నా ఇరుకైతే బలమైనవి తొట్టి దగ్గర నిలబడిపోతాయి, చిన్నవి వెనకే ఉండిపోయి చిక్కిపోతాయి. అందుకే వయసును బట్టి వేరు చేసి కట్టాలి.

జనం చేయూత అంటే మాకు మొదట గుర్తొచ్చేది వరిగడ్డి. కోడెకి రోజుకి 3 కిలోలు వేసుకున్నా, నూరు కోడెలకి 300 కిలోలు. ఏడాదికి సుమారు 110 టన్నులు! ఎకరానికి 2 టన్నుల గడ్డి వస్తుందనుకుంటే, 55 ఎకరాల గడ్డి. అదేమీ దొరకని వస్తువు కాదు. హార్వెస్టరు కోసిన మడిలో గడ్డి వరుసలుగా పడి ఉంటుంది, చాలాచోట్ల తగలబెట్టేస్తారు. బేలరుతో కట్టలు కట్టించి ట్రాలీలో వేసి పంపితే అంతకు మించిన దానం లేదు. ఇబ్బందల్లా తడితోనే. తడిసిన కట్టకి లోపల బూజు పడుతుంది. అది తిన్న పశువుకి తోకచివర, చెవులు, గిట్టలు కుళ్లే జబ్బు వస్తుంది. కాబట్టి కట్టలు బాగా ఎండాలి, నేలకి తగలకుండా దుంగల మీద పేర్చాలి, పైన టార్పాలిన్ కప్పాలి.

గడ్డి ఒక్కటే పెడితే కడుపు నిండుతుందే గానీ ఎముకలో బలం ఉండదు. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. అందుకని దాణాలో రోజుకి 20 నుంచి 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపాలి, వీలైనంత పచ్చిగడ్డి వేయాలి. సూపర్ నేపియర్ అనే పశుగ్రాసపు గడ్డి కణుపులు ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు. ఊళ్లో ఒక రైతు గట్టు పక్కన పది గుంటలు, అంటే పావు ఎకరం, దీనికి వదిలినా గోశాలకి పెద్ద ఆసరా.

పాలు మరవని దూడని తేవద్దని మా మనవి. 25 కిలోల దూడకి రోజుకి రెండున్నర లీటర్ల పాలు కావాలి, అవీ గోరువెచ్చగా, రెండు మూడు విడతలుగా. చల్లటి పాలు ఒక్కసారిగా పట్టిస్తే పారుడు పట్టుకుంటుంది, రెండు రోజుల్లో ఒంట్లో నీరంతా పోతుంది. మూడు నెలలు తల్లి దగ్గర తాగి, గడ్డి కొరకడం నేర్చాకే తీసుకురావాలి. గాలికుంటు టీకా నాలుగో నెలలో, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే పడాలి. అప్పగించే ముందే ఆ వయసుకి పడాల్సినవి వేయించి, చెవికి 12 అంకెల గుర్తింపు నంబరున్న పసుపుపచ్చ పోగు పెట్టించి తెస్తే గోశాల వాళ్ల పని సగం తగ్గుతుంది.

భక్తితో చేసే ఇంకో పొరపాటు ప్రసాదం పెట్టడం. ఇక్కడ బెల్లం మొక్కు ఎక్కువ, పులిహోర ఎక్కువ. ఒక్కొక్కరు పిడికెడే పెడతారు, కానీ వందమంది పెడితే ఆ పశువు కడుపులో పిండిపదార్థం పులిసి ఆమ్లంగా మారుతుంది. నెమరు ఆగిపోతుంది, కడుపు ఉబ్బుతుంది, మర్నాటికి లేవదు. ప్లాస్టిక్ సంచితో సహా మింగితే శస్త్రచికిత్స తప్ప దారి ఉండదు. నెమరు ఆగినట్టు కనిపించగానే దాణా ఆపి, 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. పెట్టాలనిపిస్తే ఒక మోపు పచ్చిగడ్డి కొని లోపల అప్పగించండి.

కోడెల్ని రైతులకి ఉచితంగా ఇచ్చే పద్ధతీ ఉంది. పట్టాదారు పాస్‌బుక్ చూసి ఇస్తారు. గోశాల ఊపిరి పీల్చుకోవడానికి ఇదే అన్నిటికన్నా మంచి దారి, కాకపోతే తీసుకెళ్లిన ఇంటికి మూడు నెలలకోసారి ఎవరైనా వెళ్లి చూసి రావాలి. లేకపోతే ఆ కోడె సంతకి చేరే ప్రమాదం ఉంది.

తిరుగు బస్సు కిటికీలోంచి కోసిన మళ్లు కనిపించాయి. వరుసల మీద గడ్డి అలాగే పడి ఉంది, పడమటన మబ్బు పట్టింది. ఒక మడిలో బేలరు తిరుగుతోంది, దాని పక్క మడిలో పొగ లేస్తోంది.