పెరట్లో దొరికిన పావలా

నేను మట్టిలోంచి తీసిన మొదటి వెండి నాణెం 1944 నాటిది. ఎన్నేళ్ళు నేలలో పడి ఉందో గానీ దానికేమీ కాలేదు. నా చేతికొచ్చిన పది సెకన్లలో పాడైంది.

మేముండేది అమెరికాలో, ఒహాయోలో. ఇంటి నుంచే పని, పొద్దస్తమానం కుర్చీలోనే. నడుం పట్టేస్తోందని, ఈ వంకతోనైనా నాలుగడుగులు వేస్తానని ఒక సెకండ్‌హ్యాండ్ మెటల్ డిటెక్టర్ కొన్నాను. మా ఆవిడ చూసి "ఇంకేం, లంకెబిందెలొక్కటే తక్కువ" అంది. లంకెబిందెల మాట దేవుడెరుగు, మొదటి రెండు నెలలు దొరికినవన్నీ కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు, తుప్పుమేకులు, జింకు సెంట్లు. 1982 నుంచి ఇక్కడి సెంటు లోపలంతా జింకే, పైన రాగి పూత. మట్టిలో కొన్నేళ్ళుంటే అంచులు పురుగు కొరికినట్టయిపోతాయి.

ఎక్కడ పడితే అక్కడ తవ్వకూడదు. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటమే నేరం. ప్రైవేటు స్థలమైతే యజమాని ఒప్పుకోవాలి. మన దగ్గర సంగతి ఇంకా వేరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాల్సిందే. ఆ పది రూపాయలు ఆ కాలంలో పెట్టిన లెక్క.

నాకు ఒక పెద్దాయన ఒప్పుకున్నారు. ఊరి బయట ఆయనది పాత ఫామ్‌హౌస్. దొరికినదాంట్లో చెరిసగం, గడ్డి పాడుచేయకూడదు, ఇవే షరతులు. గడ్డి సంగతి నేర్చుకోవడానికే నాకు వారం పట్టింది. మూడు వైపులా కోసి, నాలుగో వైపు వదిలేసి, వేళ్ళతో సహా మూతలా పైకి లేపాలి. మట్టి గుడ్డ మీద పోసుకుని, పనయ్యాక మళ్ళీ అదే గుంటలో పోసి, మూత మూసి, కాలితో తొక్కాలి. సరిగ్గా చేస్తే వారానికల్లా ఎక్కడ తవ్వామో మనకే తెలీదు.

వెండి మోత వేరు. మేకు అయితే మెషీన్ గరగరలాడుతుంది, ఒకవైపు మోగి ఇంకోవైపు ఆగిపోతుంది. వెండి సన్నగా, తేటగా, ఎటు నుంచి ఊపినా ఒకేలా పలుకుతుంది. పెద్ద మేపుల్ చెట్టు కింద అలా పలికింది. అయిదంగుళాలు తవ్వాక మట్టిగడ్డ పక్కన తెల్లగా ఒక అంచు కనిపించింది. చేతులు వణికాయి. తీశాను. డైము, అంటే పది సెంట్ల బిళ్ళ. రెక్కల టోపీ పెట్టుకున్న స్వేచ్ఛాదేవి బొమ్మ. ఆ రెక్కల్ని చూసి జనం రోమన్ల మెర్క్యురీ దేవుడనుకున్నారు, అందుకే దీనికి మెర్క్యురీ డైమ్ అని పేరు. ఏ సంవత్సరమో చూద్దామని ఆత్రంలో బొటనవేలితో మట్టి రుద్దేశాను.

ఆ మట్టిలో ఇసుక ఉంది. ఇసుక వెండికన్నా చాలా గట్టిది. చెంప మీద నుంచి మెడ దాకా సన్నటి గీతలు పడ్డాయి. అంతటితో ఆగినా బాగుండేది. రాత్రి తెనాలిలో ఉన్న అమ్మకి వీడియోలో చూపించాను.

"వెండే కదరా? విభూతి పెట్టి తోము, తళతళలాడుతుంది."

తోమాను. నిజంగానే తళతళలాడింది, పండక్కి తోమిన కుంకుమభరిణెలా. భూతద్దం కింద పెడితే మాత్రం ముఖమంతా వెంట్రుకల్లాంటి గీతలే. అమ్మ తప్పేం లేదు. భరిణె తోముకోవడానికే ఉంది, నాణెం ముఖం చూడటానికి ఉంది. సేకరించేవాళ్ళు ఇలా తోమిన నాణేన్ని ఒక్క చూపులో పట్టేస్తారు, ఇక దాన్ని వెండి బరువు లెక్కనే కొంటారు. డైము బరువు రెండున్నర గ్రాములు, అందులో 90 శాతం వెండి, తక్కినది రాగి. 1964 వరకూ డైములూ, క్వార్టర్లూ (పాతిక సెంట్ల బిళ్ళలు) ఇలాగే వచ్చేవి. 1965 నుంచి వాటిలో వెండి లేదు, అంచు చూస్తే ఎర్రగా రాగి గీత కనిపిస్తుంది.

తర్వాతి నెల అదృష్టం తిరిగింది. పెరట్లో రెండు ఇనుప స్తంభాలు తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి, ఒకప్పుడు వాటికి బట్టలారేసే తీగ ఉండేదట. తలకిందులుగా ఆరేసిన ప్యాంట్ల జేబుల్లోంచి చిల్లర జారిపోతుంది కాబట్టి డిటెక్టర్ పట్టేవాళ్ళకి అలాంటి చోటు బంగారం. రెండు స్తంభాల మధ్య అడుగు అడుగుకీ డిటెక్టర్ కింది కాయిల్ తిప్పాను. రెండు గంటల్లో ఒక 1941 క్వార్టరు, దానికి మూరెడు దూరంలో 1907 నాటి బార్బర్ డైము, అంటే బార్బర్ అనే ఆయన బొమ్మ గీసిన పాత రకం డైము.

ఈసారి వేలు పెట్టలేదు. మట్టితోనే చిన్న డబ్బాలో దూది మధ్య పెట్టి ఇంటికి తెచ్చాను. నాణేల మీద చేయి చేసుకోకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ దారంతా తెలిసింది.

డిస్టిల్డ్ వాటర్‌లో వేసి వదిలేశాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అందుకని అవి వద్దు. రోజుకోసారి నీళ్ళు మార్చడం, అంతే. మొదటిరోజు నీళ్ళు టీ డికాక్షన్‌లా ఉన్నాయి, నాలుగోరోజుకి తేటపడ్డాయి. మట్టి దానంతటదే పొరలుగా ఊడింది. అక్షరాల సందుల్లో మిగిలినదాన్ని, నీళ్ళలో ఉండగానే, నానిన వెదురుపుల్ల మొనతో తాకీతాకనట్టు కదిపాను. డైము వెనకవైపు దండ కింద ఆవగింజంత మట్టి ఉండలా ఉంది. అది ఊడాక చిన్న సున్నాలాంటి అక్షరం బయటపడింది. ఓ అంటే న్యూ ఓర్లీన్స్ టంకశాల. అక్కడ 1909 తర్వాత నాణేలు వేయలేదు. విభూతి పెట్టి ఉంటే ఆ అక్షరం గతేమయ్యేదో!

జిడ్డేమైనా ఉంటే పోవాలని గాజు గిన్నెలో అసిటోన్ పోసి కాసేపు ఉంచాను. ఆ పని వంటింట్లో కాదు, ఆరుబయట, దరిదాపుల్లో మంట లేకుండా. తర్వాత మళ్ళీ డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దడం. తుడవడం కాదు, అద్దడం.

ఈ బార్బర్ డైము మీద బొమ్మ సందుల్లో కొంచెం నలుపు మిగిలింది, అలాగే ఉంచేశాను. ఆ నలుపు వల్లే బొమ్మ పైకి తేలి కనిపిస్తోంది. క్వార్టరు మాత్రం దోసె పెనంలా నల్లగా ఉంది. అరిగిపోయింది, లక్షలకొద్దీ వేసిన సంవత్సరం, పోయేదేం లేదు. గాజు గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, దాని మీద నాణెం పెట్టి, చెంచాడు వంటసోడా వేసి, మరిగిన నీళ్ళు పోశాను. బుడగలొచ్చాయి, కుళ్ళిన కోడిగుడ్డు వాసనొచ్చింది. వెండిని నల్లబరిచిన గంధకం దాన్ని వదిలి అల్యూమినియం దగ్గరికి పోతోందన్నమాట, వెండి ఉన్నచోటే ఉంటుంది. రెండు నిమిషాల్లో తెల్లబడింది. కానీ సున్నం కొట్టినట్టు జీవం లేని తెలుపు. మంచి నాణేనికి ఈ పని చేయను.

అమ్మకి క్వార్టరు చూపించి "ఇది వీళ్ళ పావలా" అన్నాను.

"పావలాకి ఇంత వెండా?" అని ఆశ్చర్యపోయి, తన పెట్టెలోంచి జార్జి రాజు బొమ్మ ఉన్న రూపాయి తెచ్చి కెమెరాకి అడ్డంగా పెట్టింది. అది మా అమ్మమ్మ మెడలోది, పైన కొక్కెం అతికించి ఉంది. దాన్ని ఏడాదికోసారి విభూతితో తోముతూనే ఉందట. నేనేమంటాను?

ఆదివారం రెండు నాణేలూ అట్టముక్కల కవర్లలో పెట్టి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కొన్నిటిలోని పీవీసీ నాణేల మీద పచ్చటి జిగురు పుట్టిస్తుంది, అందుకే అట్టవి. ఆయనకి ఏది కావాలంటే అది తీసుకోమన్నాను. పాతదీ అరుదైనదీ డైమే అని కూడా చెప్పాను. ఆయన క్వార్టరు వైపు వేలు చూపించారు. 1941లో తను ఏడాది పిల్లాడినని, ఆ తీగ మీద బట్టలారేసేది వాళ్ళమ్మేనని అన్నారు.

తర్వాత కవర్లోంచి నాణెం బయటికి తీసి, జీన్స్ తొడ మీద నాలుగుసార్లు బరబరా రుద్ది, వెలుతురులో పెట్టి చూసుకుని నవ్వారు. నేను డైమున్న కవరు మెల్లిగా జేబులో పెట్టుకున్నాను.