టూరా, అద్దె కారా? ముందు స్టీరింగ్ పట్టేవాళ్లని అడగండి

విదేశీ ట్రిప్ మాట ఎత్తగానే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు తయారవుతాయి. "గైడెడ్ టూర్ బుక్ చేసుకోండి, అన్నీ వాళ్లే చూసుకుంటారు, టెన్షన్ ఉండదు" అని ఒక పార్టీ. "గొర్రెల మందలా బస్సు ఎక్కి దిగడం కూడా ఒక ట్రిప్పేనా? కారు తీసుకోండి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు" అని రెండో పార్టీ. ఈ రెండో పార్టీలో గొంతు పెద్దగా ఉన్నవాళ్లని గమనిస్తే, ఎక్కువమంది కారు నడిపేవాళ్లు కాదు, వెనక సీట్లో కూర్చునేవాళ్లు. మా ఇంట్లో విదేశాల్లో కారు నడిపేది నేనే కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. మా ఆయనకీ లైసెన్స్ ఉంది. బీరువాలో భద్రంగా ఉంది.

ఖర్చు ఎంత, స్వేచ్ఛ ఎంత అని అందరూ ఈ రెండిటి మీదే వాదించుకుంటారు. నేను మాత్రం ముందు అడిగేది ఒకటే: ఆ రోజు అలసట ఎవరి నెత్తిన పడుతుంది? కారులో నలుగురం వెళ్తే ముగ్గురికే సెలవు.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో పుకాకి సరస్సు అంచునే మౌంట్ కుక్ వైపు రోడ్డు వెళ్తుంది. హిమానీనదాలు రాతిని పిండిలా నూరి నీళ్లలో కలపడం వల్ల ఆ సరస్సుకి పాలు కలిపినట్టున్న నీలిరంగు వస్తుంది. "అమ్మాయ్, ఆ నీళ్లు చూడు!" అని మా అత్తయ్య ప్రతి మలుపులోనూ అంటూనే ఉన్నారు. నేను చూస్తున్నది ముందు వెళ్తున్న క్యాంపర్ వ్యాన్‌ని, అద్దంలో నా వెనక అంటుకుని వస్తున్న ట్రక్కుని. ఆ దేశంలో ఒకే లేన్ ఉన్న వంతెనలు చాలా తగులుతాయి. బోర్డు మీద చిన్న ఎర్ర బాణం ఎవరి దిక్కు చూపిస్తే వాళ్లు ఆగి, ఎదుటివాళ్లకి దారి ఇవ్వాలి. ఒకసారి అర్థమైతే కష్టమేమీ కాదు. కానీ కొండల మధ్య వెళ్తున్నంతసేపూ కళ్లు ఆ బోర్డుల కోసం వెతుకుతూనే ఉంటాయి. ఆ సరస్సుని తీరిగ్గా చూసింది రాత్రి హోటల్లో, పిల్లలు తీసిన ఫొటోల్లో.

అందుకే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మిల్‌ఫోర్డ్ సౌండ్‌కి మాత్రం కారు వద్దన్నాను. క్వీన్స్‌టౌన్ నుంచి అక్కడికి 287 కిలోమీటర్లు, వెళ్లడానికే దాదాపు 4 గంటలు, వెళ్లిన దారినే వెనక్కి రావాలి. దారిలో టె అనౌ అనే ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. చలికాలంలో మంచు చరియలు విరిగిపడే భాగం ఒకటి ఉంది, అక్కడ ఆగవద్దని బోర్డులుంటాయి, టైర్లకి గొలుసులు దగ్గర పెట్టుకోవాల్సిన రోజులూ ఉంటాయి. కొండని తొలిచిన హోమర్ టన్నెల్ (1954లో తెరిచారు) లోపల రోడ్డు బాగా ఏటవాలుగా కిందికి దిగుతుంది. పైకప్పులో కూడా అద్దాలున్న బస్సు ఎక్కాం. డ్రైవర్ మైకులో ఏ లోయని ఏ హిమానీనదం చెక్కిందో చెప్తుంటే, టన్నెల్ దాటిన వెంటనే రెండు వైపులా గోడల్లా లేచిన కొండలని తల పైకెత్తి చూస్తూ కూర్చున్నాను. వెనక్కి వచ్చేటప్పుడు హాయిగా నిద్రపోయాను కూడా. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి ఆ అవకాశం ఎక్కడిది?

బస్సు టూర్ల మీద ఒక పెద్ద ఫిర్యాదు, "అవసరం లేని చోట కూడా ఆపేస్తారు" అని. యూరప్‌లో దానికి చట్టపరమైన కారణం ఉంది. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకోవాలి. మొత్తం మీద రోజుకి 9 గంటలే నడపాలి, వారంలో రెండుసార్లు 10 దాకా పొడిగించుకోవచ్చు. ఇదంతా బండిలోని ట్యాకోగ్రాఫ్ అనే పరికరంలో నమోదవుతుంది. అద్దె కారు నడిపే అమ్మకో నాన్నకో ఇలాంటి చట్టం లేదు. పైగా "ఇంకో గంటే కదా, వెళ్లిపోదాం" అని వెనక నుంచి ప్రోత్సాహం! మేము వెళ్లినప్పుడు ఆ బస్సు డ్రైవర్ల రూలే నాకూ వర్తిస్తుందని ముందే చెప్పేస్తాను. నేను ఇంట్లో పెట్టిన చట్టాల్లో నిజంగా అమలయ్యేది ఇదొక్కటే.

ఇంకొకటి, విమానం దిగిన రోజున కారు తీసుకోను. రాత్రంతా నిద్ర లేకుండా వచ్చి, తెలియని దేశంలో తెలియని కారుని ఎయిర్‌పోర్ట్ రింగ్ రోడ్డు మీదికి ఎక్కించడం ఏ లెక్కన చూసినా మంచి ఆలోచన కాదు. ఆ రాత్రి ఊళ్లో పడుకుని, మర్నాడు పదింటికి ఊళ్లోని ఆఫీసులోనే తాళాలు తీసుకుంటే చాలాచోట్ల ఎయిర్‌పోర్ట్ సర్‌చార్జీ కూడా తప్పుతుంది.

రోడ్డుకి ఎడమ పక్క నడపడం అలవాటైనవాళ్లు కుడి పక్క నడిపే దేశానికి వెళ్తే హైవే మీద పెద్ద ఇబ్బంది ఉండదు. మిగతా బండ్లని అనుసరిస్తే చాలు. అసలు ప్రమాదం ఖాళీ రోడ్డు మీద. పెట్రోల్ బంకు నుంచో, పొద్దున్నే హోటల్ గేటు నుంచో బయటికి వచ్చేటప్పుడు ఎదురుగా ఒక్క బండీ లేకపోతే చేతులు పాత అలవాటునే పట్టుకుంటాయి. స్వీడన్ 1967 సెప్టెంబర్ 3న దేశం మొత్తాన్నీ ఎడమ నుంచి కుడికి మార్చింది. దానికి ఎంతో ముందు నుంచి ప్రచారం చేసి, ఆదివారం తెల్లవారుజామున ట్రాఫిక్ ఆపి మరీ మార్చారు. మనకి మాత్రం అద్దె కార్ల పార్కింగ్‌లో ఐదు నిమిషాలు దొరుకుతాయి, అందులో సగం వైపర్ ఏదో ఇండికేటర్ ఏదో తెలుసుకోవడానికే పోతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉన్నా అసలు లైసెన్స్ వెంట ఉండాల్సిందే. పర్మిట్లలోనూ 1949 జెనీవా ఒప్పందానిది వేరు, 1968 వియన్నా ఒప్పందానిది వేరు. జపాన్ ఒప్పుకునేది 1949 దాన్నే. డిపాజిట్ కోసం చాలా కంపెనీలు ప్రధాన డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతాయి. యూరప్‌లో ప్రత్యేకంగా అడగకపోతే గేర్ల బండి చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. ఇన్సూరెన్స్ ఉందని సంబరపడకుండా, ప్రమాదం జరిగితే మన జేబులోంచి ఎంత కట్టాలో చూడండి. ఇటలీ పాత ఊళ్ల మధ్యలో అనుమతి లేని కార్లకి ప్రవేశం లేని ప్రాంతాలుంటాయి, వాటిని జెడ్‌టీఎల్ అంటారు. కెమెరా నంబర్ ప్లేటు పట్టుకుంటుంది, మన వివరాలు అధికారులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ ఒక ఫీజు, ఆ తర్వాత అసలు జరిమానా. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసేవాళ్లకి నా ఓటు టూరుకీ కాదు, కారుకీ కాదు, రైలుకి.

మరి కారు ఎక్కడ గెలుస్తుంది? ఐస్‌లాండ్‌లో. దీవి చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు 1974లో పూర్తయింది, సుమారు 1,300 కిలోమీటర్లు. ఆగ్నేయాన జోకుల్‌సార్లోన్ అనే మంచుముక్కల సరస్సు రాజధాని రేక్యావిక్ నుంచి 370 కిలోమీటర్లకి పైనే. ఒక్కరోజు టూర్ తీసుకుంటే రోజంతా బస్సులోనే, సరస్సు దగ్గర నిలబడేది కాసేపే. మేము దారిలో వీక్ అనే ఊళ్లో ఒక రాత్రి ఆగి వెళ్లాం కాబట్టి తొందరపెట్టేవాళ్లు లేరు. వేసవిలో అక్కడ పొద్దు అంత త్వరగా పోదు. బస్సులన్నీ వెళ్లిపోయాక కూడా నీలం మంచు దిమ్మలు మెల్లగా సముద్రం వైపు కదులుతుంటే, నీళ్లలోంచి తల ఎత్తిన సీల్ జంతువుల్ని పిల్లలు లెక్కపెడుతూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, ఎందుకంటే ఆ సాయంత్రం నేను నడపాల్సిన దూరం ఇంకేమీ లేదు.

అక్కడ గాలి మాత్రం మామూలుది కాదు. కారు ఆపేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, తలుపుని రెండు చేతులా పట్టుకుని తెరవాలి. లేదంటే గాలి తలుపుని వెనక్కి విరిచేస్తుంది, మామూలు ఇన్సూరెన్స్‌లో అది చాలావరకు రాదు. పిల్లల్ని వాళ్లంతట వాళ్లు తలుపు తీయనివ్వద్దు.

టూర్ ఖాయం చేసుకునేవాళ్లు బ్రోషర్లో ఫొటోలు కాదు, మూడు విషయాలు అడగండి. రోజుకి బస్సులో ఎన్ని గంటలు? ఒకే హోటల్లో వరసగా ఎన్ని రాత్రులు? ఆ హోటల్ మ్యాపులో ఎక్కడుంది? రోజూ ఆరున్నరకల్లా సూట్‌కేస్ గది బయట పెట్టాలంటే పెద్దవాళ్లకి అది కారు ప్రయాణం కంటే ఎక్కువ శ్రమ. ఒంటరిగా వెళ్లేవాళ్లకైతే సింగిల్ రూమ్ అదనపు చార్జీ ఉంటుంది, దాన్ని కలుపుకుని చూస్తేగానీ అసలు ధర తెలియదు.

ఈసారి మాకు నార్వే. పడమటి తీరంలో కారు అనుకుంటున్నాం, అదీ రోజుకి మూడు గంటలకి మించకుండా. అక్కడి లైర్డాల్ టన్నెల్ పొడవు 24.5 కిలోమీటర్లు, 2000లో తెరిచారు. అంతసేపు చీకట్లో నడిపితే డ్రైవర్‌కి విసుగొచ్చి కునుకు పడుతుందని, మధ్యలో మూడుచోట్ల విశాలమైన గుహల్లా తొలిచి నీలం లైట్లు పెట్టారు. డ్రైవర్ గురించి అంతగా ఆలోచించినవాళ్ల దేశంలో నడపడానికి నాకేం అభ్యంతరం లేదు. ఫ్లామ్ నుంచి కొండపైకి వెళ్లే రైలు రోజున మాత్రం కారు కిందే పార్కింగ్‌లో ఉంటుంది. కిటికీ సీటు నాదని పిల్లలకి ఇప్పుడే చెప్పేశాను.