పరిసయ్యుడు కూడా స్తోత్రమే చెప్పాడు

బైబిల్లో లూకా సువార్త 18వ అధ్యాయంలో పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గం వాడు) ప్రార్థన మొదలయ్యేది కృతజ్ఞతతోనే, గమనించారా? "ఈ సుంకరిలా లేనందుకు" అంటాడు (సుంకరి అంటే పన్ను వసూలు చేసేవాడు, జనం పాపిగా చూసేవాడు). తర్వాత వారానికి రెండుసార్లు ఉపవాసం, దశమభాగం (రాబడిలో పదో వంతు ఇవ్వడం)... చిట్టా అంతా తనదే, దేవుడు చేసింది ఒక్కటీ లేదు. సాక్ష్యం, అంటే దేవుడు మనకు చేసిన మేలు నలుగురిలో చెప్పేటప్పుడు మనం జారేదీ అక్కడే. "దేవుడు నన్ను హెచ్చించాడు" అంటూనే పక్కవాళ్లతో పోల్చేసుకుంటాం.

ప్రార్థనలో విన్నపాలకు ముందే, ఈరోజు అందిన మేలు ఒక్కటి ఫలానా అని చెప్పండి. "అన్నిటికీ స్తోత్రం" అనేది చాలాసార్లు తప్పించుకోవడమే (నాలిక్కి అలవాటైపోయిన మాట కదా). ఆ మేలు ఎవరి ద్వారా వచ్చిందో వాళ్ల పేరు కూడా ప్రార్థనలో ఎత్తండి. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులూ శుద్ధులయ్యారు, వెనక్కొచ్చి యేసు ముందు సాగిలపడింది యూదులు పరాయివాడిగా చూసే సమరయుడొక్కడే. కాబట్టి ఆమేన్ అన్నాక ఆ మనిషికి ఫోన్ చేయండి. ఆ ఫోన్‌లో కొత్త సాయం మాత్రం అడక్కండి.