ఎన్‌ఐటీ, ఎన్‌సీఏఏ పట్టిక: 1944 దగ్గర తెగని లెక్క

శనివారం రాత్రి

ఎన్ని రకాలుగా తిప్పినా 1944 వరసలో ఆ 18 పాయింట్ల తేడా కదలడం లేదు. చాలా విసుగ్గా ఉంది.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏటా రెండు టోర్నమెంట్లు: ఎన్‌ఐటీ, ఎన్‌సీఏఏ. ఏ ఏడాది వీటిలో ఏ కప్పు పెద్దదో అంకెల్లో తేల్చాలన్నది ఈ పట్టిక. కొలత సింపుల్: ఇద్దరు చాంపియన్ల బలంలో తేడా ఎంత? 1943, 1945 సాఫీగా దిగాయి. 1950లో సీసీఎన్‌వై (న్యూయార్క్ సిటీ కాలేజీ) రెండు కప్పులూ కొట్టింది కాబట్టి తేడా సున్నా. 1975 నుంచి అసలు పేచీయే లేదు. ఎన్‌సీఏఏ 32 జట్లకు పెరిగి, ఒక్కో కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) నుంచి ఒకటికి మించి తీసుకోవడం మొదలుపెట్టాక ఎన్‌ఐటీకి మిగిలినవాళ్లే దిక్కు.

ఇక 1944. యూటా యూనివర్సిటీకి రెండు టోర్నమెంట్ల నుంచీ పిలుపు వస్తే ఎన్‌ఐటీనే పట్టుకుంది. మొదటి ఆటలోనే కెంటకీ చేతిలో 46–38తో ఓడింది. ఈలోగా అర్కన్సా ఆటగాళ్లు కారు ప్రమాదంలో గాయపడి ఆ జట్టు ఎన్‌సీఏఏ నుంచి తప్పుకుంటే, ఆ ఖాళీలో యూటా దూరింది. మిస్సోరీని, అయోవా స్టేట్‌ను దాటి, ఫైనల్లో డార్ట్‌మత్‌ను ఓవర్‌టైమ్‌లో 42–40తో ఓడించి కప్పెత్తింది. అటు ఎన్‌ఐటీ సెమీస్‌లో సెయింట్ జాన్స్ 48–45తో కెంటకీని ఇంటికి పంపింది, ఫైనల్లో డీపాల్‌ను ఓడించింది. ఆ తర్వాత రెడ్‌క్రాస్ నిధుల కోసం చాంపియన్లిద్దరూ తలపడితే యూటా 43–36తో గెలిచింది.

ఇప్పుడు కూడి చూడండి. సెయింట్ జాన్స్ కెంటకీ కన్నా 3 ఎక్కువ, కెంటకీ యూటా కన్నా 8 ఎక్కువ. అంటే సెయింట్ జాన్స్ యూటా కన్నా 11 పైన ఉండాలి. తీరా ఎదురుపడితే 7 కింద! 11, 7 కలిపి 18.

లీస్ట్ స్క్వేర్స్‌లో (తప్పు వీలైనంత తగ్గేలా జట్ల బలాలు సర్దే పద్ధతి) ఈ మూడు ఆటలే వేస్తే ఆ 18ని ఆటకి 6 చొప్పున పంచేస్తోంది. ఫలితం: కెంటకీ మొదట, దానికి 2 కింద యూటా, యూటాకి 1 కింద సెయింట్ జాన్స్. ఆ మార్చిలో ఏ కప్పూ గెలవని జట్టు అన్నిటికన్నా పైన కూర్చుంది. రెడ్‌క్రాస్ ఆటను పక్కన పెడితే సెయింట్ జాన్స్ 11 పైకి లేస్తుంది, కలిపితే 1 కిందికి దిగుతుంది. ఒక్క చారిటీ ఆట 12 పాయింట్లు తిప్పేస్తుంటే ఈ కొలతని ఎలా నమ్మడం?

సొంత మైదానం లెక్క చూశాను. మూడు ఆటలూ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే, సెయింట్ జాన్స్ న్యూయార్క్ జట్టే. దానికి 3 పాయింట్లు తగ్గిస్తే కెంటకీ మీద గెలుపు సున్నా అవుతోంది, యూటా మీద ఓటమి 10 అవుతోంది. మొత్తం మళ్లీ 18. 4 పెట్టినా అంతే, 2 పెట్టినా అంతే. చక్రంలో ఒకచోట తీసింది ఇంకోచోట చేరుతోంది. పైగా ఎన్‌ఐటీ చాంపియన్ ఇంకా కిందికి పోతున్నాడు. తేడాలకి 10 దగ్గర పరిమితి పెట్టడం దండగ, అన్నీ 8 లోపే ఉన్నాయి. గెలుపోటములే లెక్కిస్తే ముగ్గురూ సమానం. ఎలో పద్ధతి (ఆట ఆటకీ రేటింగ్ మార్చేది) నాకు మొదటినుంచీ నచ్చదు, ఇంత చిన్న టోర్నమెంట్లలో ఆఖరి ఆట గెలిచినవాడికే పట్టం కట్టేస్తుంది.

సీజన్ మొత్తం వేసినా ఒడ్డున పడలేదు. తూర్పు జట్లు తూర్పువాటితోనే ఆడుకున్నాయి. యుద్ధం రోజులు కాబట్టి యూటా షెడ్యూల్ నిండా సైనిక జట్లే. ఈ రెండు గుంపులనీ కలిపే దారాలు దాదాపు ఈ మార్చి ఆటలే. ప్రయాణ బడలికేమో అనుకున్నాను. కానీ యూటా న్యూయార్క్ నుంచి కాన్సస్ సిటీ వెళ్లి, అక్కడ రెండు ఆటలు గెలిచి, మళ్లీ న్యూయార్క్ వచ్చి ఇంకో రెండు గెలిచింది. బడలిక వాదన నిలబడదు. కుర్రాళ్ల జట్టు, ఆడుతూ ఆడుతూ కుదురుకుందన్నది నా ఊహ. దాన్ని ఏ గడిలో పెట్టాలో తెలియడం లేదు.

ఆదివారం

లిబ్రె ఆఫీస్ కాల్క్‌లో (ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్) కొత్త కాలమ్ తెరిచాను. ఇలాంటి చేతిలెక్కకి పైథాన్ కన్నా కాల్కే హాయి, ప్రతి గడీ కళ్లముందుంటుంది. కాలమ్ పేరు ‘ఎంపిక’. రెండు పిలుపులూ చేతిలో ఉన్న జట్టు ఎన్‌ఐటీకి వెళితే ప్లస్ 1, ఏ జట్టైనా ఎన్‌ఐటీ పిలుపుని కాదంటే మైనస్ 1, మొదటే రెండిటికీ సరేనంటే సున్నా.

ఒక్కసారిగా 1944 మాట్లాడింది! యూటా ప్లస్ 1. ఎన్‌సీఏఏ కప్పు గెలిచిన జట్టే ముందు ఎన్‌ఐటీని కోరుకుందంటే, ఆ ఏడాది ఏది పెద్ద పిలుపో చెప్పడానికి ఇంకేం కావాలి? బలం కొలిచి ప్రతిష్ఠ తేల్చడం ఈ తొలి ఏళ్లకి పనికిరాదు, ఇదే నా నిర్ణయం.

1970లో మార్క్వెట్ యూనివర్సిటీ కూడా ప్లస్ 1. తమను దగ్గరి డేటన్‌కి కాకుండా ఫోర్ట్‌వర్త్‌కి వేశారని కోచ్ అల్ మెక్‌గ్వైర్ ఎన్‌సీఏఏని కాదని ఎన్‌ఐటీకి వెళ్లాడు, ఫైనల్లో సెయింట్ జాన్స్‌ని 65–53తో ఓడించాడు. కానీ యూటా ప్లస్, మార్క్వెట్ ప్లస్ ఒకటి కావు. ఒకటి ఆశ, ఇంకోటి కోపం. అందుకే కారణానికి వేరే గడి. ఆ తర్వాత ఎన్‌సీఏఏ పిలిస్తే ఇంకో టోర్నమెంట్‌కి వెళ్లకూడదన్న నిబంధన వచ్చింది, దాంతో ప్లస్‌లు ఆగిపోతాయి. మైనస్‌లలో నాకు బాగా బాధ కలిగించింది 2024: 1943, 1944ల్లో వరసగా ఎన్‌ఐటీ గెలిచిన అదే సెయింట్ జాన్స్, ఎన్‌సీఏఏలో చోటు దొరక్క, ఎన్‌ఐటీ పిలిస్తే వద్దంది.

వచ్చే వారం 1949. కెంటకీ రెండూ ఆడింది, ఎన్‌ఐటీలో లయోలా చేతిలో ఓడి ఎన్‌సీఏఏ గెలిచింది. సున్నా వేయడానికి మనసొప్పడం లేదు, అర వేయాలేమో చూడాలి. వేదికకి ఒక కాలమ్ కావాలి: 2023 నుంచి ఎన్‌ఐటీ ఫైనల్ గార్డెన్‌లో లేదు. 2005లో ఎన్‌సీఏఏ 5 కోట్ల 65 లక్షల డాలర్లకి ఎన్‌ఐటీ నిర్వాహకులు వేసిన దావా తెంచుకుని ఎన్‌ఐటీనే కొనేసింది కాబట్టి, ఆ ఏడు నుంచి గళ్ల రంగు మార్చాలి. 2025లో లాస్ వేగస్‌లో మొదలై నెబ్రాస్కా గెలిచిన క్రౌన్ టోర్నమెంట్‌కి మూడో వరస ఇవ్వాలా, ఎన్‌ఐటీ పక్కనే ఇరికించాలా అన్నది 1949 అయ్యాక చూస్తాను.