హుడ్ కెనాల్‌లో ఆయిస్టర్లు: ఏ కాలంలో ఏం చూసుకుని తింటున్నాం

హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఆయిస్టర్లు (ఒక రకం ఆల్చిప్పలు) ఏరుకోవడానికి లైసెన్స్ దొరకడం తేలికే. 15 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ షెల్‌ఫిష్ (చిప్ప ఉండే సముద్రజీవుల) లైసెన్స్ ఉండాలి, ఆన్‌లైన్‌లోనే కొనుక్కోవచ్చు. మనిషికి రోజుకు 18 దాకా ఏరుకోవచ్చు. చిప్ప రెండున్నర అంగుళాలకు తగ్గితే వదిలేయాలి. నా టెన్షన్ అంతా తినడం గురించే.

ఒకసారి మేం ఏరడానికి వెళ్లినప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. "బాగా ఉడకబెడితే ఏ విషమైనా చస్తుందిలేవే" అంది. అందులో సగమే నిజం. ఎండాకాలంలో పెరిగే విబ్రియో బ్యాక్టీరియా ఉడికిస్తే చస్తుంది. కానీ కంటికి కనబడని ఒక రకం నాచు వల్ల చేరే, ఒళ్లు చచ్చుబడేలా చేసే పీఎస్‌పీ అనే విషం ఉడికించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. రుచిలో, వాసనలో తేడా తెలియదు. ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, ముదిరితే ఊపిరే ఆగిపోవచ్చు. అందుకే బయలుదేరే రోజు పొద్దున్నే రాష్ట్ర ఆరోగ్య శాఖ షెల్‌ఫిష్ మ్యాప్ చూస్తాను. నిన్న తెరిచి ఉన్న బీచ్‌ని ఇవాళ మూసేయొచ్చు. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఏరుకోవడానికి పెట్టే సీజన్ వేరు, అదీ చూసుకోవాలి. రెండూ సరే అంటేనే కారు తీస్తాం.

వేసవిలో ఇక్కడ ఆటుకి సముద్రపు నీళ్లు బాగా తగ్గేది పగటిపూట. బయటపడ్డ ఆయిస్టర్లు ఎండకు కాగేకొద్దీ విబ్రియో పెరుగుతుంది. కాబట్టి నీళ్లు వెనక్కి పోతుండగానే ఏరి, వెంటనే ఐస్‌లో పెట్టాలి.

చిప్పలు మాత్రం ఇంటికి తేకూడదు. అక్కడే ఒలిచి, ఏ చోట ఏరామో ఆ చోటే వదలాలి. మందపాటి గ్లవ్ వేసుకుని, కీలు దగ్గర కత్తి మొన దూర్చి మెలితిప్పితే టక్కున ఊడుతుంది. ఒక చిప్పను తిప్పి చూపించాను అమ్మకి. గోరంత కూడా లేని పిల్ల ఆయిస్టర్లు దాని వీపు నిండా అతుక్కుని ఉన్నాయి. ఆ చిప్ప మన వెంట వస్తే అవన్నీ పోయినట్టే. ఈ నియమం పెట్టినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరు ఒలిచినవి వాళ్ల డబ్బాలోనే ఉండాలి, కలపకూడదు.

ఇంట్లో ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, కారం వేసి వేపుడు చేశాం. లోపలి వేడి 145 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరి కనీసం 15 సెకన్లు ఉండాలి. పెద్దవాటిలో థర్మామీటర్ గుచ్చి చూస్తాను.

వేసవిలో గుడ్లు పెట్టే సమయం కాబట్టి మాంసం పాలపాలగా, మెత్తగా ఉంటుంది. చలికాలంలో గట్టిపడి తియ్యగా ఉంటుంది. అప్పుడు నీళ్లు తగ్గేది రాత్రిళ్లు, అయినా హెడ్‌ల్యాంప్ పెట్టుకుని వెళ్తాం. ఆ మ్యాప్ చలికాలంలోనూ చూస్తాం, పచ్చివి ఏ నెలలోనూ తినం.