పెత్రమాస, నువ్వుల డబ్బా, ఒక పాత నోట్‌బుక్

పెత్రమాస నాడు మా ఇంట్లో పొద్దున్నా, సాయంత్రమూ నువ్వుల డబ్బా తీయాల్సిందే. పొద్దున తమ్ముడు అమ్మ పేరు మీద నువ్వులు, నీళ్లు వదులుతాడు. అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి వస్తాడు. సాయంత్రం నేను ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుకుని వేయిస్తంభాల గుడికి పోతాను. ఆ రోజు నైవేద్యం కూడా నువ్వులూ బియ్యప్పిండే. పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడే పూల పండుగ మొదలవడం బయటి ఊళ్ల వాళ్లకు వింతగా ఉంటుంది. ఓరుగల్లులో పుట్టినవాళ్లకు అందులో వింతేం లేదు.

ఆ డబ్బా ఉన్న అలమారాలోనే ఒక నోట్‌బుక్ ఉంటుంది. అమ్మ పోయిన రోజు లెక్కలు అందులో ఉన్నాయి.

అమ్మ కొత్తవాడలో జంపఖానా మగ్గాలకు కండెలు చుట్టేది. తెల్లవారుజామున పోయింది. ఆసుపత్రి బిల్లు కట్టేసరికి తమ్ముడి జేబులో పద్దెనిమిది వందలు మిగిలాయి. కట్టెలకు ఎంత, పాడెకు ఎంత, డప్పులోళ్లకు ఎంత అంటూ ఒక్కొక్కరే వచ్చి అడుగుతున్నారు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో సాయం అడుగుతూ మెసేజ్ టైప్ చేశాను. చెరిపేశాను. మళ్లీ టైప్ చేసి మళ్లీ చెరిపేశాను. అమ్మ పక్కన కూర్చుని ఏడవాల్సిన టైములో ఫోన్ పట్టుకుని మాటలు వెతుక్కుంటున్నానన్న సిగ్గు ఇప్పటికీ పోలేదు. చివరికి రెండే లైన్లు పంపాను.

ఫోన్‌పేలో వంద, ఐదు వందలు, రెండు వేలు అలా వచ్చాయి. చిన్నమ్మ నోట్‌బుక్ పట్టుకుని పేర్లు రాయించింది. రేపు వాళ్లింట్లో ఏదైనా అయితే మనం పెట్టాలి కదా, ఆ పద్ధతి ప్రకారం. అంతలో అమ్మతో పాటు కండెలు చుట్టిన ముసలమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి, చిన్నగా మడిచిన మూడు వంద నోట్లు నా గుప్పిట్లో పెట్టి, ముఖం అటు తిప్పుకుంది. పేరు రాయిస్తానంటే, "రాయకు బిడ్డా. మీ అవ్వ నాకిచ్చినప్పుడు రాసుకున్నదా?" అంది. అమ్మ ఆమెకు ఎప్పుడు ఏమిచ్చిందో మాకెవరికీ తెలియదు. పుస్తకంలో మూడు వందలని రాసి, పేరు రాసే చోటు అలాగే వదిలేశాను.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో పదకొండో అనువాకం ఉంది. చదువు పూర్తయిన శిష్యుడికి గురువు చెప్పే మాటలు. "మాతృదేవో భవ" అన్నది అందులోదే. మనం దాన్ని గోడల మీద రాసుకుని అక్కడితో ఆగిపోతాం. ఇంకొన్ని వాక్యాలు కిందికి పోతే ఇవ్వడం గురించి ఉంటుంది: "శ్రద్ధయా దేయమ్, అశ్రద్ధయాఽదేయమ్, శ్రియా దేయమ్, హ్రియా దేయమ్." శ్రద్ధతో ఇవ్వాలి, ఉన్నంతలో ఇవ్వాలి అన్నది అర్థమవుతుంది. హ్రీ అంటే సిగ్గు. సిగ్గుతో ఇవ్వాలి! తీసుకునేవాడికి సిగ్గుంటుంది సరే, ఇచ్చేవాడికి దేనికి? నేనిచ్చేది తక్కువే అన్న వినయమని పెద్దలు చెప్తారు. అది నిజమే. కానీ ముఖం తిప్పుకున్న ఆ ముసలమ్మను చూశాక నాకు ఇంకోటి కూడా తోచింది. నా సిగ్గులో సగం ఆమె తీసుకుంది. నేను ఆమె కళ్లలోకి చూడాల్సిన అవసరం రాకుండా చేసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

దినాలకు తమ్ముడు వడ్డీకి తెచ్చి ఊరందరికీ భోజనాలు పెడతానన్నాడు. అయ్యగారు కోప్పడ్డారు. విష్ణుపురాణం మూడో అంశంలో డబ్బు లేనివాడి కోసమే ఒక శ్లోకం ఉందని చదివి వినిపించారు: "న మేఽస్తి విత్తం న ధనం న చాన్యత్, శ్రాద్ధోపయోగ్యం స్వపితౄన్ నతోఽస్మి." నా దగ్గర విత్తం లేదు, ధనం లేదు, శ్రాద్ధానికి పనికొచ్చేదేదీ లేదు, నా పితరులకు మొక్కుతున్నాను అని రెండు చేతులూ పైకెత్తి చెప్పమంటుంది. అప్పు తెమ్మని ఏ శ్లోకమూ చెప్పలేదని కూడా అన్నారాయన. దగ్గరి వాళ్లకే అన్నం, పప్పు, ఒక కూరతో సరిపెట్టాం. కొందరు మూతి తిప్పారు, తిప్పనీ. మిగిలిన డబ్బులతో కాళేశ్వరం పోయి, గోదావరి, ప్రాణహిత కలిసేచోట అస్థికలు కలిపాం. అక్కడి గుడిలో ఒకే పానవట్టం మీద యముడి లింగమూ శివుడి లింగమూ పక్కపక్కనే ఉంటాయి. ముందు యముడికే మొక్కాలి. మొక్కేటప్పుడు నాకు ఆయన మీద కోపంగానే ఉంది.

పోయిన శ్రావణంలో మా వాడలో ఒకామె చనిపోయింది. నేనూ నోట్లు మడిచి పట్టుకుని పోయాను. గడప దగ్గర ఒక పిల్లవాడు పుస్తకం తెరిచి, "పేరు చెప్పండక్కా" అన్నాడు. ఇంటిపేరుతో సహా చెప్పేశాను. స్పెల్లింగ్ కూడా సరిచేశాను. సందు మలుపు తిరిగాక ముసలమ్మ గుర్తొచ్చింది.

రేపే పెత్రమాస. గునుగు, తంగేడు తెచ్చి నీళ్లలో వేశాను. అమ్మ కూడా ముందురోజే పూలు తెంపి పెట్టేది, అందుకే ఇవి ఎంగిలిపూలయ్యాయని చెప్పేది. నువ్వులు కొంచెమే ఉన్నాయి, పొద్దున తర్పణానికి సరిపోతాయి. సాయంత్రానికి కొనాలి.